అంబేనలి ఘాట్ నుంచి గౌరీపట్నం క్వారీ దాకా

మాది రాజమహేంద్రవరం. గోదావరి అవతలి ఒడ్డున గౌరీపట్నం, పంగిడి, దుద్దుకూరు పరిసరాల్లో ఉన్న నల్లరాతి క్వారీల నుంచే మా ప్రాంతపు రోడ్లకూ స్లాబులకూ కంకర వస్తుంది. ముప్పయ్యేళ్లు డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పాను కాని, ఆ కంకర ఎక్కడ పుట్టిందన్న ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు. ఆ ఆలోచన పుట్టించినవాడు మా బావమరిది. అతను భూగర్భ శాస్త్రం చదివి, కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు బావులు తవ్వేటప్పుడు పైకి వచ్చే రాతిముక్కలను పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. “బావగారూ, మీ ఇంటి స్లాబులో ఉన్న రాయి సహ్యాద్రిలో పుట్టి, కరిగిన ద్రవంగా ఇక్కడిదాకా నడిచొచ్చింది” అని అతను ఒకనాడు అంటే వేళాకోళమాడుతున్నాడనుకున్నాను. కాదని తేలాక, ఆ రాయి బయలుదేరిన చోటు చూసి రావాలనిపించింది. డిసెంబరులో మేమిద్దరం చేసిన ఆ ప్రయాణాన్ని, ఏ రోజుకారోజు రాసుకున్న పుస్తకంలోంచి ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

మొదటి రోజు: కోణార్క్ ఎక్స్‌ప్రెస్

రాత్రివేళ రాజమండ్రిలో ఎక్కిన రైలు మర్నాడు సికింద్రాబాద్ దాటేవరకూ చూడవలసినదంతా గ్రానైటే. గుండ్రని బండలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న హైదరాబాదు గుట్టలు అందరూ చూసినవే. ఆ గ్రానైటు వయసు 250 కోట్ల సంవత్సరాల దాకా ఉంటుందని బావమరిది చెప్పి, “ఈ రాయిని గుర్తుపెట్టుకోండి, లోనావళాలో దీనితో పని పడుతుంది” అన్నాడు. అక్కడ కనిపించని గ్రానైటుతో అక్కడేం పనో అప్పుడు అర్థం కాలేదు.

వికారాబాద్ సమీపిస్తుండగా నేల రంగు మారింది. మూసీ నది పుట్టే అనంతగిరి కొండలు గ్రానైటు గుట్టల్లా గుండ్రంగా కాక, పైన చదునుగా, లాటరైట్ అనే ఎర్రరాతి టోపీ పెట్టుకున్నట్టు ఉంటాయి. ఆ టోపీ కింద ఉన్నది దక్కన్ లావా. దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల కిందట పశ్చిమ భారతాన్ని ముంచెత్తిన లావా ప్రవాహాలకు తెలంగాణ వైపు అంచు ఇక్కడే. ఇప్పుడు మిగిలి ఉన్నదే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. కొట్టుకుపోయినదీ, అరేబియా సముద్రం కింద మునిగినదీ కలిపితే తొలినాటి విస్తీర్ణం ఇంతకు రెండు మూడు రెట్లు ఉండేదని అంచనా.

తాండూరు దగ్గర లావా తొలగిపోయి, ఇళ్లలో పరిచే బండలుగా మనందరికీ తెలిసిన సున్నపురాయి పొరలు బయటపడ్డాయి. కలబురగి దాటాక మళ్లీ నల్లరేగడి మొదలైంది, ఇక పుణే దాకా వదల్లేదు. ఈ రేగడి కూడా బసాల్ట్, అంటే లావా చల్లారి గట్టిపడిన నల్లరాయి, చివికి తయారైనదే. షోలాపూర్ వైపు దూరాన కనిపించే గుట్టలన్నీ మెట్లు మెట్లుగా ఉన్నాయి. ఈ రాతికి పాతకాలపు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన ‘ట్రాప్’ అనే పేరుకు మూలం స్వీడిష్ భాషలో మెట్టుకు ఉన్న మాటే. ఒక్కొక్క మెట్టూ ఒక లావా ప్రవాహం. కిటికీలోంచి చూస్తే అన్ని మెట్లూ ఒకే పెద్ద పొంగులో వచ్చినట్టే ఉన్నాయి. ఆ మాటే పైకి అన్నాను. బావమరిది జవాబు చెప్పకుండా, సంచిలోంచి నాలుగు పేజీల పట్టిక తీసి నా చేతిలో పెట్టాడు. పడమటి కనుమల లావాలలో బేరియం, స్ట్రాన్షియం, టైటానియం, సిలికా ఎంతెంత ఉన్నాయో వివరించే పట్టిక అది. రసాయన శాస్త్రం చెప్పినవాడికి అంతకంటే మంచి ఎర ఏముంటుంది!

రెండో రోజు: మంచర్, గిరవలి

పుణేలో కారు మాట్లాడుకుని నాసిక్ రోడ్డు పట్టాము. అంబేనలి ఘాట్ కోసం దక్షిణాన ఉన్న మహాబలేశ్వర్‌కు పోవలసినవాళ్లం ముందుగా ఉత్తరానికి ఎందుకు తిరిగామో చెప్పాలి. పడమటి కనుమల్లో లావా పొరలన్నీ కలిపి పేర్చితే మందం 3 కిలోమీటర్లు ఉంటుంది కాని, ఏ ఒక్క కొండలోనూ అంత మందం కనిపించదు. పొరలు దక్షిణానికి చాలా స్వల్పంగా, ఒక డిగ్రీకి కూడా చాలనంత, వాలి ఉన్నాయి. ఇంత చిన్న వాలైనా వందల కిలోమీటర్ల దూరంలో లెక్కకు వస్తుంది. ఇగత్‌పురి, కల్సూబాయి శిఖరం ఉన్న ఉత్తరాన అడుగు పొరలు బయటపడితే, దక్షిణానికి పోయేకొద్దీ వాటిపైన పేరుకున్న కొత్త పొరలు ఎదురవుతాయి. అందువల్ల ఇక్కడ దక్షిణ దిశగా ప్రయాణించడమంటే కాలంలో ముందుకు ప్రయాణించడమే.

పొరలకు ఊళ్ల పేర్లు పెట్టారు. కింది నుంచి జవ్హార్, ఇగత్‌పురి, నేరళ్, ఠాకూర్‌వాడి, భీమాశంకర్ ఒక వర్గం. వాటిపైన ఖండాలా, బుషే. ఆపైన పోలాద్‌పూర్, అంబేనలి, మహాబలేశ్వర్, పన్హాళా, దేసూర్. చదువుతుంటే బస్సు కండక్టరు స్టేజీలు పిలుస్తున్నట్టు ఉంటుంది. 1980లలో బ్రిటిష్, అమెరికన్, భారతీయ శాస్త్రజ్ఞులు ఘాట్ రోడ్ల వెంట ఎక్కుతూ దిగుతూ, ప్రవాహం తరవాత ప్రవాహం నమూనాలు తీసి, రసాయన విశ్లేషణ చేసి ఈ క్రమాన్ని నిలబెట్టారు. ఐఐటీ బొంబాయి ఆచార్యులు కె.వి. సుబ్బారావు, అమెరికాలో పనిచేసిన పీటర్ హూపర్ కలిసి 1988లో ప్రకటించిన పటం ఈ పనికి ఒక మజిలీ.

మంచర్ దాటి గిరవలి వైపు మళ్లిన దారిలో, కంటితోనే గుర్తుపట్టగల పొర ఒకటి ఉంది. పెద్ద ఖగోళ దూరదర్శిని ఉన్న ఊరిగా గిరవలిని కొందరు విని ఉంటారు. మా చూపు మాత్రం కిందకే. రోడ్డు పక్క తవ్విన గట్టులో నల్లని రాతినిండా తెల్లటి పలకలు, చింతగింజంత నుంచి బొటనవేలంత వరకు, గుప్పిళ్లతో చల్లినట్టు పొదిగి ఉన్నాయి. అవి ప్లాజియోక్లేజ్ స్ఫటికాలు. మామూలు బసాల్ట్‌లో ఈ ఖనిజం భూతద్దం లేకుండా కనపడదు. ఇంత పెద్దవిగా పెరగాలంటే శిలాద్రవం పైకి రాకుండా భూపటలంలోని ఏదో గదిలో చాలాకాలం నిలవ ఉండి, నెమ్మదిగా చల్లారుతూ ఉండాలి. తేలిక స్ఫటికాలు అక్కడ పెరిగి, పోగుపడి, చివరికి ఒక్కసారిగా ద్రవంతో పాటు బయటికి వచ్చాయి. కింది వర్గంలో ఇలాంటి పొరలు కొన్ని ఉన్నాయి, దాదాపు ఒక్కొక్కటీ ఒక్కొక్క విభాగం ముగింపు దగ్గర. గది మూసుకుని, నిలవ ద్రవం ఖాళీ అయి, కింది నుంచి కొత్త ద్రవం రావడం మొదలయ్యేముందు పడిన ముద్రలు ఇవి.

నేను ఒక స్ఫటికం మీద గోరుతో గీసి చూశాను. గీత పడలేదు. గోరే అరిగింది.

మూడో రోజు: లోనావళా

ఉదయం కార్లా గుహలకు వెళ్లాము. క్రీస్తుకు ముందు మొదలై ఆ తరవాత కూడా సాగిన ఆ తొలుపు పనిని చూసి, శిల్పులు బసాల్ట్‌ను బాగా ఎరిగినవారని బావమరిది మెచ్చుకున్నాడు. గ్రానైటంత కఠినం కాదు, అయినా అంచు నిలుస్తుంది. బొంబాయి నుంచి పుణేకు రైలుదారి వేసినవారు కూడా ఈ రాతినే తొలిచి 1863లో బోర్ ఘాట్ ఎక్కించారు. ఆ సొరంగాల నల్లని అంచులను ఖండాలా దగ్గర రోడ్డు మీద నిలబడి చూడవచ్చు.

మధ్యాహ్నం బుషే పొర దగ్గరకు వెళ్లేసరికి ఆకాశం మబ్బుపట్టింది. బూడిదరంగు నలుపు, అక్కడక్కడ గాలిబుడగల గుంతలు, ఆ గుంతల్లో తరవాత చేరిన తెల్లని జియోలైట్ ఖనిజాలు. వారం రోజుల్లో నేను చూసిన రాళ్లలో అన్నిటికంటే సాదాసీదాగా కనిపించినది ఇదే. పట్టిక తీస్తే మాత్రం అన్నిటికంటే విచిత్రమైన అంకెలు దీనివే. మిగతా బసాల్ట్‌ల కంటే సిలికా ఎక్కువ, టైటానియం తక్కువ. స్ట్రాన్షియం సంగతి మరీ వింత.

స్ట్రాన్షియం పరమాణువుల్లో 86 బరువున్నవి ఉన్నాయి, 87 బరువున్నవి ఉన్నాయి. 86 సంఖ్య ఎప్పటికీ మారదు. 87 మాత్రం రుబిడియం–87 క్షయించడం వల్ల కొద్దికొద్దిగా పెరుగుతూ ఉంటుంది. సగం రుబిడియం మారడానికి దాదాపు 4900 కోట్ల సంవత్సరాలు, అంటే భూమి వయసుకు పదిరెట్లకు పైగా పడుతుంది కాబట్టి పెరుగుదల బహు నెమ్మది. గ్రానైటులో రుబిడియం ఎక్కువ. 250 కోట్ల ఏళ్లుగా నిలిచి ఉన్న గ్రానైటులో 87 వాటా గణనీయంగా పెరిగి ఉంటుంది. భూపటలం కింద ఉండే ప్రావారంలో రుబిడియం అతి తక్కువ, అందుచేత అక్కడి నుంచి నేరుగా వచ్చిన లావాలో 87కూ 86కూ నిష్పత్తి 0.704 దరిదాపుల్లో ఉంటుంది. బుషే లావాల్లో అది 0.713 నుంచి 0.720 దాకా ఉంది. మూడో దశాంశంలో తేడాకే విలువనిచ్చే ఈ లెక్కల్లో, రెండో దశాంశం కదిలిందంటే మామూలు విషయం కాదు.

అప్పుడు అర్థమైంది, సికింద్రాబాద్ దగ్గర గ్రానైటును గుర్తుపెట్టుకోమని ఎందుకన్నాడో. ఈ లావాల కింద కూడా అలాంటి ప్రాచీన శిలల నేలే ఉంది. పైకి వచ్చే శిలాద్రవం దారిలో ఆ నేలను కరిగించి తనలో కలుపుకుంది. బుషే కాలంలో ఆ కలుపు అన్నిటికంటే ఎక్కువ. ఇంకొక చిత్రం, కలుపు ఎక్కువగా ఉన్న లావాల్లోనే మెగ్నీషియం కూడా ఎక్కువ. పరీక్షనాళికతో పనిచేసిన బుద్ధికి ఇది తలకిందులుగా తోచింది. మెగ్నీషియం ఎక్కువగా ఉన్న ద్రవం అంటే ఇంకా చల్లారని, స్ఫటికాలను ఎక్కువగా వదలని, వేడి తగ్గని ద్రవం. గదిలో చాలాసేపు నిలవ ఉండి చల్లారినదే గోడలను ఎక్కువ తింటుందని నేను ఊహించాను. జరిగింది వేరు. వేడిగా, పలుచగా, వేగంగా పైకి దూసుకొచ్చిన ద్రవమే దారి గోడలను ఎక్కువ కరిగించిందని 1980లలో పరిశోధకులు వివరించారు. రాత్రి లాడ్జిలో ఈ రెండు వరసల అంకెలను గ్రాఫు కాగితం మీద నేనే గుర్తించి చూసుకున్నాను. చుక్కలు పైకే పోయాయి. ఇన్నేళ్లకు మళ్లీ ప్రాక్టికల్ రికార్డు రాసిన తృప్తి కలిగింది.

నాలుగో రోజు: వాయి నుంచి పాంచ్‌గణి

కృష్ణా నది ఒడ్డున ఉన్న వాయిలో ఉదయం ఉపాహారం చేసి పసరణి ఘాట్ ఎక్కాము. రోడ్డు మలుపుల్లో నల్లని ప్రవాహాల నడుమ ఇటుకరంగు చారలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక లావా వచ్చి చల్లారాక, తరవాతిది వచ్చేలోపు దాని పైభాగం చివికి మన్నైంది. కొన్నిచోట్ల ఆ మన్నులో దూరాన ఎగిసిన అగ్నిపర్వతపు బూడిద కూడా పడింది. తరవాతి లావా దానిమీద పారి కాల్చింది. వేలితో తీస్తే కుంకుమలా అంటుకుంటుంది. ఆ బూడిదలో దొరికే జిర్కాన్ అనే ఖనిజపు రేణువులతో ఒక బృందమూ, లావాలోని ప్లాజియోక్లేజ్‌లో ఆర్గాన్ కొలిచి మరొక బృందమూ కట్టిన వయసులు 2019లో ఒకే పత్రికలో పక్కపక్కన అచ్చయ్యాయి. మొత్తం విస్ఫోటనాలు సుమారు పది లక్షల సంవత్సరాల్లో ముగిశాయనే విషయంలో ఇద్దరూ దగ్గరే ఉన్నారు. లావా నాలుగు పెద్ద విడతలుగా వచ్చిందా, ఇంచుమించు నిలకడగా వచ్చిందా, డైనోసార్లు అంతరించిన ఘడియకు ముందు ఎంత, తరవాత ఎంత అన్నచోట మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు. ఈ తగవు ఆసక్తికరమైనదే కాని మా దారి వేరు, మేము వెతుకుతున్నది ఎప్పుడు అన్నది కాదు, ఎక్కడి నుంచి అన్నది.

పాంచ్‌గణి టేబుల్ ల్యాండ్ మీద గుర్రాలు, ఐస్‌క్రీం బండ్లు, ఫోటోల హడావుడి. కాలికింద ఉన్నది లాటరైట్. మరాఠీలో ‘జాంభా’ అంటారని మా డ్రైవరు చెప్పాడు. అల్యూమినియం, ఇనుము తప్ప దాదాపు అన్నిటినీ వానలు కడిగేసిన రాయి అది. దానిని విశ్లేషించి కింది లావా ఎక్కడిదో చెప్పడం కష్టం. ఎక్కువసేపు ఆగలేదు.

ఐదో రోజు: అంబేనలి ఘాట్

ఈ ప్రయాణమంతా ఈ ఒక్క రోజు కోసమే. మహాబలేశ్వర్ దాదాపు 1370 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి పడమరకు కొంకణంలోని పోలాద్‌పూర్‌కు దిగే నలభై కిలోమీటర్ల రోడ్డే అంబేనలి ఘాట్. వెయ్యి మీటర్లకు పైగా దిగే ఈ దారిలో నాలుగు విభాగాలు వరసగా తెగి కనిపిస్తాయి. పైన మహాబలేశ్వర్, దాని కింద అంబేనలి, ఆ కింద పోలాద్‌పూర్, అట్టడుగున నిన్నటిమొన్నటి బుషే. లోనావళాలో కొండమీద చూసిన పొర ఇక్కడ కొండ పాదాల్లోకి జారిపోయింది. వాలు ఒక డిగ్రీ కూడా లేదన్న మాట అప్పుడు నమ్మకానికి వచ్చింది.

పొద్దున్నే పొగమంచు పట్టి, ప్రతాప్‌గఢ్ మలుపు దాకా పది అడుగుల ముందు రోడ్డు కూడా కనిపించలేదు. డ్రైవరు అసలు దిగనన్నాడు. టీ బండి దగ్గర గంటసేపు కూర్చున్నాక మంచు విడిపోయి, ఎదురుగా ప్రతాప్‌గఢ్ కోట మెట్లుమెట్లుగా దిగే కొండకొసన నిలబడి ఉంది. కోట గోడలూ కొండా ఒకే రాయి. ఎక్కడ కొండ ఆగి ఎక్కడ గోడ మొదలైందో కాసేపు తెలియలేదు. ఈ రాతిని ఏమంటారని డ్రైవరును అడిగితే ‘కాతళ్’ అన్నాడు, ఇంత చిన్న సంగతికి ఇంతదూరం వచ్చారా అన్నట్టు మమ్మల్ని చూసి.

మేము అట్టడుగు దాకా దిగిపోయి, అక్కడి నుంచి పైకి ఆగుతూ ఆగుతూ వచ్చాము. లావా పేరుకున్న క్రమం అదే కదా. పోలాద్‌పూర్ ఊరు దాటి ఎక్కడం మొదలుపెడితే పోలాద్‌పూర్ పొరలు వస్తాయి. పట్టికలో స్ట్రాన్షియం నిష్పత్తి 0.711 దగ్గర మొదలై 0.705 వైపు తగ్గుతూ వస్తుంది. బేరియం కూడా అంతే. ఇంకా పైకి వస్తే అంబేనలి పొరలు, సుమారు అయిదు వందల మీటర్ల మందం. నిష్పత్తి 0.704 దగ్గర నిలబడిపోతుంది. గ్రానైటు జాడ దాదాపుగా పోయింది. హిందూ మహాసముద్రపు అడుగున నడిమి కొండవరసల్లో పుట్టే బసాల్ట్‌కు దీనికీ పోలిక బాగా దగ్గర. 1980ల నడుమ ఈ రోడ్డు మీదే నమూనాలు తీసిన బ్రిటిష్ శాస్త్రజ్ఞులు కీత్ కాక్స్, క్రిస్ హాక్స్‌వర్త్ ఈ రెండు విభాగాలనూ ముడివేసి చూపించారు. పోలాద్‌పూర్ లావా మరొక ద్రవం కాదు, అంబేనలి లాంటి ద్రవమే ప్రాచీన భూపటలాన్ని కలుపుకున్న రూపం.

కలుపు ఎందుకు తగ్గింది? కొత్త మట్టికుండలో వండిన మొదటి రెండు మూడు వాయిలకు మట్టి వాసన తప్పదు. వాడేకొద్దీ కుండ పదునెక్కి అన్నానికి అన్నం రుచే మిగులుతుంది. శిలాద్రవం నడిచిన పగుళ్లకూ అలాంటిదే జరిగి ఉండవచ్చు. సులభంగా కరిగే గోడ అంతా ముందు వచ్చినవి తినేశాయి, మిగిలిన గోడకు చల్లారిన బసాల్ట్ పూతలా పట్టింది, తరవాత వచ్చిన వెల్లువకు గోడ తగలలేదు. పైగా అప్పుడు వచ్చిన ద్రవమూ అపారం. కింది విభాగాల్లో పిండి ముద్దలు ఒకదానిమీద ఒకటి జారినట్టు చిన్నచిన్న పాయలుగా ఉన్న లావా, ఇక్కడికి వచ్చేసరికి ఇరవై ముప్పై మీటర్ల మందాన, కనుచూపుమేర తెగని పలకలుగా మారింది. ఎదుటి లోయగోడ మీద ఒక పలకను పట్టుకుని కళ్లతో నడిస్తే, సావిత్రి నది లోయ మలుపు తిరిగేదాకా అది ఎక్కడా తెగలేదు.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే చక్కగా ఉండేది. మురికి నుంచి తేటకు వచ్చిందని చెప్పుకుని కొండ దిగిపోయేవాళ్లం. కాని అంబేనలి పైన మహాబలేశ్వర్ పొరలు మొదలవుతాయి, అంకెలు మళ్లీ కదులుతాయి. స్ట్రాన్షియం పరిమాణం, పొటాషియం, బేరియం పెరుగుతాయి. అయితే స్ట్రాన్షియం 87కూ 86కూ నిష్పత్తి బుషే దిశలోకి పోదు. 0.704, 0.705 మధ్యనే ఉంటూ, నియోడిమియం అనే మరొక మూలకపు అంకెలు మాత్రం వేరే వైపుకు లాగుతాయి. గ్రాఫు మీద పోలాద్‌పూర్ చుక్కలు ఒక దిక్కుకు, మహాబలేశ్వర్ చుక్కలు మరొక దిక్కుకు పోయి, అంబేనలి దగ్గర మాత్రమే కలుస్తాయి. అంటే ఇక్కడ కలిసినది పై గ్రానైటు కాదు. భూపటలానికి అడుగున అంటిపెట్టుకుని ఉండి, యుగాల కిందటే కొన్ని మూలకాలను పోగుచేసుకున్న ప్రావారపు పొర ఇందులో పాలుపంచుకుందని కాక్స్, హాక్స్‌వర్త్ అన్నారు. భూపటలపు కింది భాగమే కారణమని చెప్పేవారూ ఉన్నారు. నాకు మొదటి మాటే సబబుగా తోచింది. అది రసాయన వాసన పట్టినవాడి అభిప్రాయం మాత్రమే, బావమరిది ఇంకా ఒప్పుకోలేదు.

రెండు విభాగాల సరిహద్దు దగ్గర కారు ఆపి దిగాము. పట్టిక లేకపోతే అక్కడ ఆగవలసిన పని ఏ మనిషికీ లేదు. కింది రాయి నలుపు, పై రాయి నలుపు. నడుమ అడుగు మందం ఎర్రమన్ను, అలాంటివి దారిలో ఎన్నో దాటాము. రెంటిలోనూ కొత్తగా విరిగిన ముఖం మీద భూతద్దం పెడితే అవే సన్నని ప్లాజియోక్లేజ్ కడ్డీలు, అవే ముదురు ఆకుపచ్చ పైరాక్సీన్ గింజలు. రోడ్డు పనివాళ్లు పక్కకు నెట్టిన రాళ్లలోంచి అంబేనలి పొరది పిడికెడంత ముక్క ఒకటి తీసుకుని సంచిలో వేసుకున్నాను.

సాయంత్రం ఆ సరిహద్దుకు ఉన్న మరొక గుర్తు చెప్పాడు బావమరిది. లావా గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు నాటి భూ అయస్కాంత దిశను పట్టుకుంటాయి. అంబేనలి లావాలు చల్లారిన రోజుల్లో అయస్కాంత ఉత్తరం ఇప్పటికి తలకిందులుగా ఉండేది. మహాబలేశ్వర్ పొరలు మొదలయ్యే ప్రాంతంలో అది ఇప్పటి దిశకు తిరిగింది. “ఈ మాట మన ఊరు చేరాక మళ్లీ కావాలి” అన్నాడు.

ఆరో రోజు: క్షేత్ర మహాబలేశ్వర్

పాత మహాబలేశ్వర్‌లోని పంచగంగ గుడిలో కృష్ణ, వెణ్ణా, కొయనా, సావిత్రి, గాయత్రి అయిదు ధారలు రాతి గోముఖంలోంచి పడతాయి. తెలుగువాళ్లు చాలామంది వచ్చారు. విజయవాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఆ నీళ్లు సీసాలో పట్టుకుంటూ, “ఇంతే ఉందా మన కృష్ణ!” అంది. అంత సన్నని ధారకు ఇన్నేళ్లుగా నీరు అందించేది కూడా ఈ పొరలే. లాటరైట్ వాననీటిని పీల్చుకుంటుంది, కింది గట్టి బసాల్ట్ దాన్ని దిగనివ్వదు, ఆ రెండూ కలిసేచోట ఊట పుడుతుంది.

ఒడ్డున కూర్చుని బావమరిది నేల మీద పుల్లతో గీసి చూపించాడు. లావా వచ్చిన కాలంలో ఇప్పటి కృష్ణా గోదావరులు ఇలాగే ఉన్నాయని చెప్పలేం కాని, నేల తూర్పుకు వాలి, నీళ్లు బంగాళాఖాతం వైపే పోయేవి. అంబేనలి కాలపు వెల్లువల్లో కొన్ని అప్పటి నదీలోయల్లోకి దిగాయి. పైన తోలు కట్టుకున్న లావా లోపల వేడిని పోనివ్వదు. మీగడ కింద పాలలాగా ద్రవం లోలోపలే నడుస్తుంది. అలా వెయ్యి కిలోమీటర్లు.

ఏడో రోజు రైలులోనే గడిచింది. రాయడానికి ఏమీ లేదు, వాడి జంక్షన్‌లో తాగిన చెడిపోయిన టీ తప్ప.

ఎనిమిదో రోజు: గౌరీపట్నం

ఇంటికి చేరిన మర్నాడే గోదావరి దాటి గౌరీపట్నం వెళ్లాము. క్వారీ మేస్త్రీ మా బావమరిదికి పరిచయం. లారీలు రాని వేళ చూసి లోపలికి పంపాడు. అడుగున నల్లరాయి. దానిమీద తెల్లని సున్నపురాతి పట్టె, అందులో గవ్వలు, మొనదేలిన సన్నని నత్తగుల్లలు, మరచుట్ల లాంటి అచ్చులు. దానిమీద మళ్లీ నల్లరాయి. మొదటి లావా వచ్చి ఆగాక సముద్రపు నీరు ఇక్కడిదాకా వచ్చింది, గుల్లలు పుట్టి చచ్చాయి, ఆ తరవాతే రెండో వెల్లువ వచ్చింది. గోదావరి ఇవతల కాతేరులోనూ ఇవే పొరలు ఉన్నాయి. కోనసీమలో వీటి కొనసాగింపు నేల లోతుల్లోకి పోతుంది. చమురు బావుల్లో తగిలే ఆ లావాకు భూగర్భ శాస్త్రంలో రాజోలు పేరే పెట్టారు. బావమరిది జీవితమంతా చూసిన నల్లని పొడి అదే.

ఈ రాయి ఇక్కడే ఏదో పగులులోంచి పొంగిందన్న వాదన చాలాకాలం ఉండేది. దక్కన్ లావా అంచుకూ దీనికీ మధ్య వందల కిలోమీటర్ల మేర లావా జాడే లేదు కాబట్టి ఆ వాదన తేలికగా కొట్టేయదగినది కూడా కాదు. విశ్లేషణలు వచ్చాక పరిస్థితి మారింది. కింది ప్రవాహం రసాయనికంగా అంబేనలితో కలుస్తుంది, అయస్కాంత దిశ తలకిందులు. పైది మహాబలేశ్వర్‌తో కలుస్తుంది, అయస్కాంత దిశ ఇప్పటిదే. సహ్యాద్రిలో ఘాట్ రోడ్డు మీద చూసిన సరిహద్దే ఇక్కడ తెల్లని గుల్లల పట్టె రూపంలో ఉంది. భూమి మీద అన్నిటికంటే పొడవైన, అన్నిటికంటే పెద్దవైన లావా ప్రవాహాలు ఇవేనా అని 2008లో కొందరు శాస్త్రజ్ఞులు తమ వ్యాసానికి శీర్షికగానే ప్రశ్న వేశారు.

కింది ప్రవాహం నుంచి నేనూ ఒక ముక్క తీసుకున్నాను. ఇంటికి వచ్చి, వరండాలో అరుగు మీద దాన్నీ, అంబేనలి ముక్కనూ పక్కపక్కన పెట్టి, పేర్లు రాసిన కాగితాలు అంటించబోతూ భోజనానికి లేచాను. నేను తిరిగి వచ్చేసరికి మనవడు రెంటినీ కడిగి, తుడిచి, కిటికీ దగ్గర ఎండలో పెట్టాడు. ఏది ఏదో వాడికి గుర్తులేదు. భూతద్దం తెచ్చి చూశాను. బావమరిదికి ఫోను చేశాను. వచ్చి, తిప్పి తిప్పి చూసి, చేతితో తూచి, “ఈ రెండింటినీ విడదీయమంటే ల్యాబువాళ్లు కూడా తల గోక్కుంటారు బావగారూ” అన్నాడు.

ఇప్పటికీ రెండూ కాగితాలు లేకుండానే ఉన్నాయి.